పాత గోడ, కొత్త చల్లదనం

యానాం నుంచి పుదుచ్చేరికి మకాం మార్చాక వైట్ టౌన్‌లో సున్నపు గోడల పాత ఇల్లు అద్దెకు దొరికింది. సముద్రపు గాలి స్తంభించే మే రాత్రుల్లో ఎనభై ఏళ్ల అమ్మకు నిద్ర కరువైంది. ఇక స్ప్లిట్ ఏసీ తప్పలేదు.

సొంతంగా బిగించుకోవాలని పనిముట్ల జాబితా రాశాను: కోర్ కట్టర్, రసమట్టం, రాగి గొట్టం కోసే కట్టర్, దాని అంచును విప్పార్చే ఫ్లేరింగ్ టూల్, నట్టును తగినంతే బిగించే టార్క్ రెంచ్. సుత్తి, ఉలి మాత్రం వద్దనుకున్నాను. ఆ దెబ్బలకు సున్నపు పూత పెచ్చులుగా రాలుతుంది. వీధి ముఖం చెడకూడదని ఇంటి యజమాని ముందే షరతు పెట్టారు. అందుకే పెరటి గోడకు, నీళ్లు బయటికి జారేలా కాస్త వాలుగా రంధ్రం వేశాను.

అసలు చిక్కు వాక్యూమ్ పంపు దగ్గరే. గొట్టాల్లోని గాలిని, తేమను లాగెయ్యకపోతే కంప్రెసర్ ఆయుష్షు తరుగుతుంది. మొదట వచ్చిన మెకానిక్ పంపు లేకుండా, కాస్త గ్యాస్ వదిలితే చాలన్నాడు. కానీ ఆర్-32 కొద్దిగా మండే వాయువు. పైగా భూతాపం పెంచడంలో కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 675 రెట్లు. మన గది చల్లబడటానికి లోకాన్ని వేడెక్కించాలా?

పంపు, గేజీలు ఉన్న మరొకరికి ఆ పని అప్పగించాను. పంపు ఆపాక గేజీ ముల్లు కదల్లేదు. ఆ రాత్రి అమ్మ తెల్లవార్లూ నిద్రపోయింది. ఉప్పుగాలి తినెయ్యకుండా బయటి యూనిట్‌ను మంచినీళ్లతో కడగడం ఇక నా వంతు.