వేళ్ళకు చలి కోరే పువ్వు

పేరుకు తగినట్టు తెల్లగా మెరిసే ధౌలాధార్ పర్వతశ్రేణి పాదాల వద్ద, సముద్ర మట్టానికి సుమారు 1,200 మీటర్ల ఎత్తున ఉన్నది పాలంపూర్. హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయకు వచ్చే యాత్రికులు ఇక్కడి తేయాకు తోటలను చూసి ముగ్ధులై వెళ్ళిపోతారు. ఊరి శివార్లలో ప్లాస్టిక్ కప్పుతో నిలిచిన పూల పందిళ్ళ వైపు తిరిగి చూసేవారు తక్కువ.

అటువంటి పందిట్లో పెరిగే పూలలో ఒకటి ఆల్‌స్ట్రోమీరియా. భుజమెత్తు కాడలు, వాటి కొసన గుత్తులుగా గులాబి, పసుపు, తెలుపు పూలు. లోపలి రేకుల మీద సన్నని కుంచెతో గీసినట్టు ముదురు చారలు. దీని ఆకు తొడిమ వద్దనే మెలి తిరిగి, అడుగు భాగాన్ని ఆకాశానికి చూపిస్తుంది!

ఈ మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికా. ముఖ్యంగా చిలీ, బ్రెజిల్ దేశాలు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ తనకు విత్తనాలు పంపిన శిష్యుడు ఆల్‌స్ట్రోమర్ పేరును 1762లో దీనికి పెట్టాడు. చలికాలంలో ఆ మొక్కను తన పడకగదిలోనే ఉంచి కాపాడాడని చెబుతారు. పాలంపూర్ రైతుకు ఉన్న బెంగ సరిగ్గా దీనికి విరుద్ధం: ఎండల్లో నేల వేడెక్కకుండా చూడడం.

ఎందుకంటే, మొగ్గ తొడగాలా వద్దా అన్నది నిర్ణయించేది మట్టిలోని దుంప. అల్లం వలె అడ్డంగా పాకే ఆ దుంపకు 15 డిగ్రీల దాపుల చల్లదనం దొరికినంత కాలం పూల కాడలు పైకి వస్తాయి. నేల 20 డిగ్రీలు దాటి అలాగే నిలిచిందా, వచ్చేవి ఉత్త ఆకుల కాడలే. విజయవాడ పెరట్లో ఎంత నీడ కల్పించినా ఈ పువ్వును మెప్పించడం కష్టం. పాలంపూర్‌లో కొండగాలి చేసే సహాయానికి తోడు గడ్డి పరచి, వేసవిలో నీడవలలు కడితే చాలు. 1983లో ఇక్కడ నెలకొన్న హిమాలయ జైవసంపద సాంకేతిక సంస్థ ఈ సాగుకు దారి చూపింది.

కోత పద్ధతీ వింతైనదే. ముదిరిన మొక్కకు కత్తి పెట్టరు. మొదటి పూలు విచ్చుకోబోయే వేళ కాడను ఒడుపుగా గుంజి, దుంప నుంచి ఊడదీస్తారు. అలా లాగితేనే పక్క మొలక మేల్కొంటుంది. లేత మొక్కనైతే ఇలా లాగకూడదు. దుంపతో సహా చేతికి వస్తుంది.

వాసన లేదు కనుక జడలోకి, పూజలోకి ఈ పువ్వు రాలేదు. అయితే కూజాలో రెండు వారాలు నిలుస్తుంది. రేకులకంటే ముందు ఆకులే పండుతాయి. పెళ్ళి వేదికలకూ, హోటళ్ళకూ కావలసింది ఆ మన్నికే.

ఎంత మన్నిక ఉన్నా, హిమాచల్ పూలు రాత్రి బస్సుల్లో ఢిల్లీ చేరితేనే డబ్బు. 2020 మార్చి 25న దేశమంతా స్తంభించినప్పుడు, పూలు ముమ్మరంగా దిగే వసంతకాలం. బస్సులు నిలిచాయి, పెళ్ళిళ్ళు ఆగాయి, గుడి తలుపులు మూతపడ్డాయి. రాష్ట్రంలోని పూలరైతులు మోపులకు మోపులు కోసి దిబ్బల మీద పారబోశారు. పూచిన కాడను అలాగే వదిలివేయడానికి ఈ పంటలో వీలు లేదు. కొనేవాడున్నా లేకున్నా దానిని లాగివేయవలసిందే. లేకుంటే కింది మొలకకు వెలుతురు అందదు.