మాస్కు పెట్టాక మొదటి గంట

‘‘బిగుతుగా ఉందా తాతగారూ? వేలితో చెప్పండి చాలు’’ అని సిస్టర్ అడిగితే పెద్దాయన బొటనవేలు అడ్డంగా ఊపారు. ఫ్లూ ముదిరి న్యుమోనియా అయింది. ముక్కునీ నోటినీ కప్పేసి ఒత్తిడితో గాలి పంపే బైపాప్ మాస్కులోంచి మాట బయటికి రాదు. ఆమె స్ట్రాపు కింద రెండు వేళ్లు దూర్చి చూసి, ఎడమ చెంప వైపు కాస్త వదులు చేసింది. ముక్కు దూలం మీద ముందే మెత్తటి పట్టీ అంటించారు. గంటల తరబడి ఒత్తుకుంటే అక్కడి చర్మం పుండవుతుంది. నొప్పికి తాళలేక రోగి మాస్కు పీకేసుకుంటే, కాసేపట్లోనే ఆక్సిజన్ పడిపోతుంది.

కోస్తాలోని ఒక ప్రభుత్వాసుపత్రి శ్వాసకోశ వార్డు ఇది. మేం వెళ్లేసరికి ఉదయం రౌండ్లు నడుస్తున్నాయి. మాస్కుకీ గొట్టానికీ మధ్య చిన్న డబ్బీలాంటి వైరస్ ఫిల్టర్ ఉంది. ముందు మిషన్ ఆపి, ఆ తర్వాతే మాస్కు తీస్తారు. లేకపోతే ఆ గాలి విసురుకు తుంపర్లు చుట్టూ చిమ్ముతాయి. 2020లో కోవిడ్ మొదట్లో ఈ భయంతోనే చాలాచోట్ల మాస్కుల జోలికి పోకుండా నేరుగా గొంతులో ట్యూబు వేసేశారు. తర్వాత బ్రిటన్ పరిశోధకులు కొలిచి చూస్తే, ఇలాంటి మాస్కుతోనే ఒకే స్థాయి ఒత్తిడి ఇచ్చే సీప్యాప్ కన్నా దగ్గుతోనే ఎక్కువ తుంపర్లు వస్తున్నాయని తేలింది.

బ్రిటన్‌లోనే 1,273 మంది కోవిడ్ రోగులతో జరిగిన రికవరీ-ఆర్ఎస్ పరీక్ష ఫలితాలు 2022 జనవరిలో వచ్చాయి. మామూలు ఆక్సిజన్ ఇచ్చినవారిలో నెలలోపు ట్యూబు పడినవారూ, చనిపోయినవారూ కలిపి 44.4 శాతం. సీప్యాప్ పెట్టినవారిలో 36.3 శాతమే. ముక్కులోకి వేగంగా ఆక్సిజన్ పంపే హై ఫ్లోతో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే దుష్ఫలితాలు మామూలు ఆక్సిజన్‌తో 13.9 శాతం మందికి వస్తే, సీప్యాప్‌తో 34.2 శాతం మందికి వచ్చాయి. మొదటి లెక్క చెప్పి రెండోది మింగేసేవాళ్లే ఎక్కువ.

‘‘మోనిటర్‌లో ఆక్సిజన్ 94 చూసి మురిసిపోకూడదండీ’’ అన్నారు డ్యూటీ డాక్టరుగారు. ఆయన కళ్లు పెద్దాయన మెడ మీదే ఉన్నాయి. మొదటి ఒకటి రెండు గంటల్లో ఆయాసం తగ్గాలి. మెడ కండరాలు ఎగిసిపడుతూనే ఉన్నా, మనిషి మగతగా అయిపోతున్నా మాస్కుతో కాలయాపన చేయకూడదు. ట్యూబు ఆలస్యమైతే నష్టం రోగికే. వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఇంకొకటి. అందుకే మాస్కు ఉన్నంతసేపూ మంచం తల వైపు ఎత్తి ఉంచుతారు, నోట్లో ఏమీ పెట్టనివ్వరు.

వార్డు వెనక ఆక్సిజన్ గది. హై ఫ్లో మిషన్ నిమిషానికి 60 లీటర్ల దాకా లాగుతుంది. పెద్ద సిలిండర్‌లో ఉండేది సుమారు 7,000 లీటర్లు. పూర్తి వేగంతో వాడితే ఒక్క రోగికే రెండు గంటలు రాదు. 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకర్ ఆలస్యమై, సరఫరా ఒత్తిడి పడిపోయి 11 మంది చనిపోయారని అధికారులే ప్రకటించారు. ఇక్కడ ట్యాంకు రీడింగు గంటగంటకూ రిజిస్టరులో రాస్తున్నారు. రిజర్వు సిలిండర్లు లైనుకు తగిలించే ఉన్నాయి. ఎన్ని హై ఫ్లోలు నడుస్తున్నాయో వార్డువాళ్లు పొద్దున్నే కబురు చేయాలి. మేం వెళ్లిన రోజు ఆ కబురు రాలేదు. ఆక్సిజన్ గది ఆపరేటరే ఫోన్ చేసి కనుక్కున్నాడు.