నాలుక చూపించే ఇంజిన్

జ్వరమని వెళ్తే డాక్టరు ముందు 'ఏదీ, నాలుక చూపించు' అంటాడు. పెట్రోలు కారుకీ అలాంటి నాలుకుంది. అదే స్పార్క్ ప్లగ్గు! పొద్దున్నే బండి ఓ పట్టాన స్టార్టవకపోయినా, పికప్ తగ్గినా, సిగ్నల్ దగ్గర ఇంజిన్ వణుకుతున్నా మంచి మెకానిక్ చూసేవాటిలో అదొకటి.

చూడ్డానికి చిటికెనవేలంత. చేసే చాకిరీ మాత్రం చాలా ఎక్కువ. ఇంజిన్ నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంటే ఒక్కో ప్లగ్గు 1500 సార్లు నిప్పు పుట్టించాలి. అంటే సెకనుకి 25 సార్లన్నమాట.

1983 నుంచి 2014 దాకా తయారైన మారుతి 800 ఎన్నో మధ్యతరగతి ఇళ్లకు మొదటి కారు. దానికి మూడే సిలిండర్లు, మూడే ప్లగ్గులు. ఇంజిన్ చల్లారాక వాటిని విప్పి, పాత పేపరు మీద వరసగా పేర్చి చూసుకునే ఇంటిపెద్దలు అప్పట్లో చాలామందే. ఆ వరస తప్పకూడదు. ఏ ప్లగ్గు ఏ సిలిండరుదో తెలిస్తేనే రోగం ఎక్కడుందో తెలిసేది.

కొస లేత గోధుమరంగులో ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. పొడిమసి పట్టిందా... పెట్రోలు ఎక్కువ పడుతోంది, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. తెల్లగా పాలిపోయి పొక్కులొస్తే వేడి మితిమీరినట్టు. ఆయిల్ తడి కనిపిస్తే పిస్టన్ రింగులో, వాల్వు సీళ్లో అరిగాయని అనుమానించాలి.

చిక్కల్లా ఇక్కడే. ఆయిల్ పట్టిన ప్లగ్గు పారేసి కొత్తది వేస్తే బండి కొన్నాళ్లు హాయిగా నడుస్తుంది. రోగం మాత్రం లోపలే ఉంటుంది. అమ్మేముందు అలా చేస్తే, దాచుకున్న డబ్బుతో పాతబండి కొనుక్కున్న మరో కుటుంబం నెత్తిన ఆ ఖర్చు పడుతుంది. అందుకే పాతకారు కొనేవాళ్లు ప్లగ్గులు కొత్తగా మెరుస్తుంటే మురిసిపోకుండా, పాతవి ఏమయ్యాయని అడగాలి.

మార్చడానికీ పద్ధతుంది. చుట్టూ ఉన్న దుమ్ము ఊదేశాకే ప్లగ్గు విప్పాలి. లేదంటే అది సిలిండర్లో పడుతుంది. వైరు పట్టి లాగకుండా టోపీ పట్టి తీయాలి. కారు పుస్తకంలో చెప్పిన నంబరు ప్లగ్గే వేయాలి. కొత్తదాన్ని ముందు చేత్తో తిప్పి, మరలు సాఫీగా పడ్డాకే పానా అందుకోవాలి. బలమంతా చూపిస్తే అల్యూమినియం హెడ్డులో మరలు పోతాయి. ఇరిడియం ప్లగ్గుల్ని పాత అలవాటు కొద్దీ గరుకు కాగితంతో రుద్దితే సన్నటి కొస పాడవుతుంది.

ఇదంతా ఇంట్లో చేసుకోలేనివాళ్లు షెడ్డులో ఒక్క మాట అడిగితే చాలు... 'పాత ప్లగ్గులు పారేయకుండా, వరసగా చూపించు బాబూ' అని.