అంబాసిడర్‌కి డిస్క్ బ్రేకులు కొందామని బయల్దేరితే...

"ఒరేయ్, పెడల్ కిందకి పోతోందిరా."

మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ దిగుతున్నాం. నాన్న ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, వెనక సీట్లో అమ్మ, అత్త పులిహోర డబ్బా మూత తీయడం కూడా ఆపలేదు. పక్కన కూర్చున్న నాకు మాత్రం గుండె జారిపోయింది. నాన్న బ్రేకు రెండు మూడుసార్లు గబగబా తొక్కాడు. గేరు మూడు నుంచి రెండుకి దించాడు. హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగుతూ, మలుపు దగ్గర కాస్త వెడల్పుగా ఉన్న చోట కొండవైపుకి ఆనించి ఆపేశాడు. నేను దిగి టైరు కింద రాయి పెట్టాను.

అరగంట ఆగాక పెడల్ మళ్లీ మామూలుగా అయిపోయింది. మిగతా ఘాటంతా రెండో గేరులో దిగి, భద్రాచలంలో రాముణ్ణి చూసుకుని, అశ్వారావుపేట మీదుగా జంగారెడ్డిగూడెం చేరాం. గేటు దగ్గర దిగుతూనే అమ్మ తీర్పు చెప్పేసింది. "ఈ బండన్నా అమ్మండి, లేదంటే ఇకమీద నేను బస్సులో వస్తా."

ఆ బండి 1984 అంబాసిడర్, మార్క్ 4. పొగాకు బాగా పలికిన ఏడు తాతయ్య సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడట. వేలం కేంద్రానికి ఆయన వెళ్లింది అందులోనే, చివరిసారి ఆసుపత్రికి వెళ్లింది కూడా అందులోనే. దాన్ని అమ్మడమంటే నాన్నకి ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే గొడవ పెద్దది కాకముందే మధ్యలో దూరి మాటిచ్చేశాను. "అమ్మా, ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు వేయిస్తా. అప్పుడు ఎక్కుతావా?"

"వేయించాక చూద్దాం" అంది.

సాఫ్ట్‌వేర్ వాడికి పని దొరికితే ఏం చేస్తాడు? ఐదు రాత్రులు ఫోన్ పట్టుకుని కూర్చున్నా. అంబాసిడర్‌కి మూలం ఇంగ్లండ్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. కాబట్టి అక్కడి కిట్టు ఏదైనా దీనికి సరిపోతుందనుకున్నా. కిట్లు బోలెడున్నాయి. తీరా చూస్తే చాలావరకు మోరిస్ మైనర్‌కి, ఎంజీ కార్లకి చేసినవి. పేరు ఒకటే అయినంత మాత్రాన హబ్బు, స్టబ్ యాక్సిల్ కొలతలు ఒకటి కావు. ఇక రెండో దారి, లేత్ షెడ్డులో బ్రాకెట్ చేయించి ఏదో కొత్త కారు కాలిపర్ బిగించడం. ఆ బ్రాకెట్‌కి ఏ ఇనుము వాడారు, ఆ బోల్టు ఎంత బలం తట్టుకుంటుంది అని అడిగితే చెప్పేవాళ్లు లేరు. మూడోది, చివరి ఏళ్లలో వచ్చిన అంబాసిడర్లలో కొన్నింటికి కంపెనీవాళ్లే ముందు చక్రాలకి డిస్కులు ఇచ్చారు. ఆ సామాను తెచ్చి మన బండికి వేసుకోవడం.

ఈ మూడింటికీ ఒక షీట్ తయారు చేసుకుని మా మేస్త్రి గారి షెడ్డుకి వెళ్లాను. ఆయన షీటు చూడలేదు. ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

"బాబూ, ఘాట్‌లో పెడల్ గట్టిగా ఉండి బండి ఆగలేదా? లేక పెడలే మెత్తబడి కిందకి పోయిందా?"

మెత్తబడి కిందకి పోయిందన్నాను.

"అయితే మీకు ముందు కావాల్సింది డిస్కులు కాదు, బ్రేక్ ఆయిల్."

నేను రోజూ ఆఫీసులో జూనియర్లకి చెప్పే మాట ఇదే. లాగ్ చూడకుండా కోడ్ ముట్టుకోవద్దని. ఐదు రాత్రులు నేను చేసింది సరిగ్గా అదే తప్పు.

ఆ రెండింటికీ తేడా ఏంటంటే... డ్రమ్ము బాగా వేడెక్కితే షూ లైనింగ్ పట్టు తగ్గుతుంది. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. పెడల్ మెత్తబడి కిందకి దిగిందంటే పైపుల్లో ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వచ్చాయని అర్థం. ఆయిల్ నొక్కితే నలగదు. ఆవిరి నలుగుతుంది. మన కాలి బలమంతా ఆ బుడగల్ని నలపడానికే సరిపోతుంది. చల్లారాక బుడగలు మళ్లీ ఆయిల్ అయిపోతాయి. మాకు అరగంటలో పెడల్ తిరిగి రావడానికి కారణం అదే.

మరి ఎందుకు మరిగింది? బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి అవే అంకెలు 230, 155. మేస్త్రి గారు మా డబ్బా మూత తీస్తే లోపల ఫిల్టర్ కాఫీ రంగులో ఉంది. "ఎప్పుడు మార్చారండీ?" అని నాన్నని అడిగారు. నాన్న షెడ్డు రేకుల వైపు చూశాడు. తగ్గినప్పుడల్లా పోశాడే తప్ప, పాతది పూర్తిగా తీసి మార్చింది ఎప్పుడో ఆయనకే గుర్తులేదు.

ఘాట్‌లో ఎంత వేడి పుడుతుందో ఇంటికెళ్లి లెక్కేశా. మనుషులతో కలిపి 1,500 కిలోల బండి, 400 మీటర్ల ఎత్తు దిగిందనుకుందాం. ఆ శక్తి దాదాపు 59 లక్షల జౌళ్లు. 30 డిగ్రీల నీళ్లు 20 లీటర్లు మరుగు పట్టించడానికి అంత వేడే కావాలి. ఒక పెద్ద వాటర్ క్యాన్ నీళ్లన్నమాట! ఇంజిన్ కొంత ఆపుతుంది, గాలి కొంత ఆపుతుంది, మిగిలిందంతా బ్రేకుల నెత్తినే. నాన్న మూడో గేరులో బ్రేకు మీద కాలేసి దిగాడు. రెండులో దిగుంటే ఇంజినే సగం పని చేసిపెట్టేది.

అంటే డిస్కులు అక్కర్లేదా? నాన్న వెంటనే ఆ మాటే పట్టుకున్నాడు. "చూశావా, ఆయిల్ మారిస్తే చాలంట!"

కానీ మేస్త్రి గారు నాన్న పక్షం కూడా తీసుకోలేదు. డిస్కు బయటికి ఉంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది. వానాకాలంలో వాగు నీళ్లలోంచి బండి నడిపితే డ్రమ్ములో నీళ్లు చేరి కాసేపు బ్రేకు పట్టదు, డిస్కు అయితే ఇట్టే ఆరిపోతుంది. ఆ లాభాలు నిజమే. "కాకపోతే డిస్కు అంటే రెండు పళ్లేలు కొని తగిలించడం కాదండీ" అని ఒక్కోటీ చెప్పుకుంటూ వచ్చారు.

డ్రమ్ములో చక్రం తిరిగే వేగమే షూని లోపలికి లాక్కుని పట్టు పెంచుతుంది. డిస్కులో ఆ సాయం ఉండదు, కాలితో ఇంకా గట్టిగా తొక్కాలి. అందుకని బూస్టర్ కావాలి. కాలిపర్‌కి ఆయిల్ ఎక్కువ కావాలి, పాత మాస్టర్ సిలిండర్ చాలకపోవచ్చు. పాత డ్రమ్ బ్రేకుల సిస్టంలో పెడల్ వదిలినా పైపులో కాస్త ప్రెషర్ నిలిపే చిన్న వాల్వు ఉంటుంది. దాన్ని అలాగే ఉంచితే డిస్కుని ప్యాడ్లు వదలవు, రాసుకుంటూనే ఉంటాయి. ముందు వెనకల పట్టు లెక్క తప్పితే తడి రోడ్డు మీద వెనక చక్రాలు ముందే లాక్ అయ్యి బండి తిరిగిపోతుంది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఇంకోటి. మా బండికి ఉన్నది ఒకటే బ్రేక్ లైను. నాలుగు చక్రాల్లో ఎక్కడ ఒక హోస్ పైపు పగిలినా నాలుగూ పోతాయి. టాండమ్ మాస్టర్ సిలిండర్ వేస్తే ముందు, వెనక లైన్లు విడిపోతాయి. ఒకటి పోయినా రెండోది కాస్తయినా ఆపుతుంది. నేను తయారు చేసిన షీట్‌లో దీనికసలు కాలమే లేదు.

అప్పుడు ఎంచుకోవడం తేలికైపోయింది. ఏ డిస్కు మెరుస్తోంది అన్నది కాదు, ఏ సామాను ఒకదానికొకటి సరిపడేలా కంపెనీలోనే లెక్కేసి చేశారు అన్నది ముఖ్యం. అలా చూస్తే మూడో దారే మిగిలింది. తర్వాతి అంబాసిడర్ సెట్టు మొత్తం: స్టబ్ యాక్సిల్, హబ్బు, కాలిపర్, బూస్టర్, టాండమ్ సిలిండర్. విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రి గారే దగ్గరుండి చూసి తెచ్చారు. డిస్కులు, ప్యాడ్లు, సీళ్లు, హోస్ పైపులు మాత్రం కొత్తవే వేయించాం. వెనక డ్రమ్ములు ఉంచేసి కొత్త షూలు, వీల్ సిలిండర్ రబ్బర్లు మార్చాం. అంతటా డాట్ 4.

పని మొదలెట్టకముందే నాన్న, నేను ఆర్టీవో ఆఫీసుకి వెళ్లి చేయబోయే మార్పు రాసిచ్చి వచ్చాం. మీరూ ముందే అడగండి. 1988 మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 బండిలో మార్పుల గురించే. పైగా 15 ఏళ్లు దాటిన కారుకి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్, ఫిట్‌నెస్ ఉంటాయి. ఆ రోజు తెల్లమొహం వేయడం కంటే ముందే అడగడం నయం. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న కార్లకి ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తారు. మా బండికి 2034లో 50 నిండుతాయి. అందుకే ఎక్కడా కోయలేదు, వెల్డింగ్ పెట్టలేదు. పాత డ్రమ్ములకి గ్రీజు రాసి సామాన్ల గదిలో దాచాం. కావాలంటే రేపే వెనక్కి వేసుకోవచ్చు.

తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద, మేస్త్రి గారు పక్కన కూర్చోగా నాన్న నడిపాడు. ఇరవైలో ఆపాడు, నలభైలో ఆపాడు, తర్వాత అరవైలో. బండి పక్కకి లాగలేదు, వెనక చక్రాలు జారలేదు. పది కిలోమీటర్లు తిరిగొచ్చాక మేస్త్రి గారు నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి వేడి చూశారు. ఎక్కడా రాసుకోవట్లేదు. నాన్న ఏమీ అనలేదు. ఇంకో రౌండ్ వేసొస్తానని ఒక్కడే వెళ్లాడు. పావుగంట దాకా రాలేదు.

ఆ శనివారం మద్ది ఆంజనేయస్వామి గుడికి అమ్మ కారులోనే వచ్చింది. గుర్వాయిగూడెం దాకా ఒక్క మాట మాట్లాడలేదు, కళ్లు మాత్రం నాన్న కాళ్ల మీదే ఉన్నాయి. తిరిగొచ్చాక నన్ను అడిగింది. "మళ్లీ ఆ ఆయిల్ ఎప్పుడు మార్చాలి?"

రెండేళ్లకన్నాను.

వంటింట్లో క్యాలెండర్ మీద గ్యాస్ సిలిండర్ మార్చిన తేదీలు రాసుకుంటుంది అమ్మ. దాని కిందే బ్రేక్ ఆయిల్ మార్చిన తేదీ కూడా రాసింది. ఆ క్యాలెండర్ డిసెంబరు దాకే ఉంటుంది కదా అన్నాను.

"కొత్తది తగిలించిన రోజు ఇందులోంచి అందులోకి ఎక్కిస్తా. మీ నాన్నని నమ్ముకుంటే అయినట్టే" అంది.