ఎర్రపెట్టె, పచ్చపెట్టె

ఆఫీసులో ఒక మోడల్ తయారైంది. తెలుగు పోస్ట్ ఇస్తే అది తిట్టో కాదో చెబుతుంది. దానికొక వెబ్‌పేజీ కట్టే పని నాకొచ్చింది. పోస్ట్‌ని పేజీలో వేసి బటన్ నొక్కాలి. తిట్టయితే ఎర్రపెట్టె, కాకపోతే పచ్చపెట్టె, కింద ఎంత శాతం నమ్మకమో ఒక అంకె. “రెండ్రోజుల పని,” అన్నాను మేనేజర్‌తో.

రెండ్రోజులు కూడా పట్టలేదు. స్ట్రీమ్‌లిట్‌లో ఒక పైథాన్ ఫైలు రాస్తే పేజీ తయారైపోతుంది. ఒక్కచోటే చిక్కొచ్చింది. స్ట్రీమ్‌లిట్ పేజీలో ఏ బటన్ నొక్కినా ఫైలంతా మొదటి లైను నుంచి మళ్ళీ నడుస్తుంది. దాంతో నొక్కిన ప్రతిసారీ మోడల్ మళ్ళీ లోడయ్యేది, లాప్‌టాప్ ఫ్యాను రొద పెట్టేది. ఒకసారి తెచ్చిన మోడల్‌ని దాచి ఉంచమని ఒక లైను చేర్చాక కుదుటపడింది.

ఆ వారం అమ్మ ఊరి నుంచి వచ్చింది. “ఏదైనా చెప్పమ్మా, టైపు చేస్తా,” అన్నాను.

“ఒసేయ్ దొంగసచ్చినదానా, అన్నం తిన్నావా?” అంది. రోజూ ఫోన్లో నన్ను పలకరించేది అలాగే.

ఎర్రపెట్టె. తిట్టు, 96 శాతం.

అమ్మ పగలబడి నవ్వింది. “దీనికి అమ్మ లేదు కాబోలు!”

నేనూ నవ్వాను. నవ్వుతూనే ఇంకో వాక్యం కొట్టాను. ఎందుకు కొట్టానో తెలీదు. మూడేళ్ళ క్రితం ఇదే హైదరాబాద్‌లో గది కోసం తిరుగుతున్నప్పుడు విన్నది. ఆవిడ ఫ్యాన్ వేసి, మంచినీళ్ళిచ్చి, అద్దె కూడా మాట్లాడేశాక అడిగింది: “ఏమీ అనుకోకండి, మీరేమిట్లండీ?” చెప్పాను. గ్లాసు తీసుకుని లోపలికెళ్ళి, వచ్చి, “నిన్ననే ఒకళ్ళకి మాటిచ్చామట అండీ, నాకు తెలీలేదు,” అంది. పది రోజుల తర్వాత ఆ వీధిలో వెళ్తే టులెట్ బోర్డు గేటుకి అలాగే వేలాడుతోంది.

పచ్చపెట్టె. తిట్టు కాదు, 98 శాతం.

అమ్మ ఆ పెట్టె వంక చూసి ఊరుకుంది. ఆ గది సంగతి తనకి నేనెప్పుడూ చెప్పలేదు. ఆ ప్రశ్న మాత్రం తనకి కొత్తేం కాదు.

మోడల్‌ని తిట్టుకుందామంటే కుదరదు. దానికి నేర్పిన పోస్ట్‌లకి లేబుళ్ళు వేసింది ఇద్దరం, అందులో నేనొకదాన్ని. మా చేతికొచ్చిన కాగితంలో మూడు ప్రశ్నలుండేవి: బూతు ఉందా, బెదిరింపు ఉందా, కులమో మతమో పేరెత్తి తిట్టారా. “మనవాళ్ళేనా అండీ?” లాంటి కామెంట్లు వస్తే మూడింటికీ లేదనే జవాబు. ‘కాదు’ నొక్కి ముందుకెళ్ళేదాన్ని. రోజుకి కొన్ని వందలు చూడాలి, ఆగితే పని సాగదు. చివర్లో మా ఇద్దరి లేబుళ్ళు ఎంత కలిశాయో కోహెన్ కప్పాతో కొలిచారు. యాదృచ్ఛికంగా కలిసినవాటిని పక్కనపెట్టి లెక్కేసే కొలత అది. బాగా కలిశాయని తేలితే సంతోషించాం. ఇద్దరం ఒకే తప్పు చేసినా కప్పా పెరుగుతుందని అప్పుడు తట్టలేదు.

పైగా మోడల్ చివర జరిగే లెక్క, తిట్టుకీ కాదుకీ నూరు శాతాన్ని పంచుతుంది. ‘నాకు తెలీదు’ అనేదానికి అందులో వాటా లేదు. ‘కఖగఘ’ అని కొట్టినా రెంటిలో ఏదో ఒకటి చెప్పి తీరాలి. దానికి రంగు పూసి, అంకె తగిలించి, తీర్పులా కనిపించేట్టు చేసింది మాత్రం నా పేజీయే.

మర్నాడు రంగులు తీసేద్దామన్నాను. “రంగుల్లేకపోతే డెమోలో ఏం చూపిస్తాం?” అన్నారు మేనేజర్. రంగులుండిపోయాయి. ‘తిట్టు’ అన్నచోట ‘మోడల్ అంచనా: తిట్టు’ అని మార్చడానికి ఒప్పుకున్నారు. నలభైకీ అరవైకీ మధ్య వస్తే ‘మనిషి చూడాలి’ అని చూపించడానికీ ఒప్పుకున్నారు. కానీ అమ్మ మాటకి 96, ఆవిడ మాటకి 98. ఆ రెండూ ఈ మధ్యలో పడేవి కావు. అందుకని కింద ఇంకో బటన్ పెట్టాను: ‘ఇది తప్పు’. నొక్కితే ‘ఎందుకు?’ అని ఒక ఖాళీ వస్తుంది. రాసింది ఒక ఫైల్లోకి వెళ్తుంది. తర్వాతి ట్రైనింగ్‌కి ముందు ఆ ఫైలు చదవాలని మీటింగ్‌లో రాయించాను. చదువుతారో లేదో చూడాలి.

బటన్ పనిచేస్తోందో లేదో చూడ్డానికి మొదట అమ్మ వాక్యం వేశాను. ఎందుకు అన్నచోట, ‘మా అమ్మ’ అని రాశాను. తర్వాత ఆవిడ వాక్యం. ఈసారి ఖాళీ ముందు చాలాసేపు కూర్చున్నాను. మర్యాదగా అడిగిన ప్రశ్నలో తప్పేంటో ఒక మోడల్‌కి అర్థమయ్యేట్టు ఎలా రాయాలి?

చివరికి ‘ఇల్లివ్వలేదు’ అని రాసి నొక్కాను.