చీటీలో రాని పేరు

నిరుడు యాడికిలో వానలు లేక వేరుశనగ ఎండిపోయింది. ఫీజు కట్టే స్తోమత లేని ఆ సమయంలోనే మా మనవరాలికి ప్రైవేటు పాఠశాలలో ఒకటో తరగతి సీటు ఉచితంగా లభించింది. 'అల్‌హమ్దులిల్లాహ్' అన్నాను.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు పాఠశాలలు 25 శాతం సీట్లను పేద, బలహీన వర్గాల పిల్లలకివ్వాలి. ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలి. దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు.

పక్కింటి పాప పేరు రాలేదు. "దాదీ, నేనేం తప్పు చేశాను?" అని అడిగింది. నా సంతోషం సిగ్గుగా మారింది. చదువుమన్న తొలి దైవాజ్ఞ లాటరీలో పేరు వచ్చినవారికేనా?

ఆ పాప ఇప్పుడు ప్రభుత్వ బడికి వెళ్తోంది. మగ్రిబ్ నమాజు తరువాత ఇద్దరినీ ఒకే చాపపై కూర్చోబెట్టి చదివిస్తున్నాను. ఆ బడి తల్లిదండ్రుల సమావేశానికీ వెళ్తున్నాను. సోదరీమణులారా, మన బిడ్డ చేరని బడి కూడా మనదే.