బంగారు రేకులూ, మా తమ్ముడూ

మా చిన్నాన్న కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ మోర్మన్లలో కలిశాడు. సంగతి ముందు పసిగట్టింది మా అమ్మ. క్రిస్మస్‌కి భోగాపురం వచ్చినవాడు టీ ఇస్తే వద్దన్నాడు, పోనీ కాఫీ అంటే అదీ వద్దన్నాడు. "ఏటైందిరా ఈ గుంటడికి?" అని ఆరా తీస్తే అసలు విషయం బయటపడింది. మాది ముత్తాత కాలం నుంచీ బాప్టిస్టు కుటుంబం. "నువ్వు ఇంజినీరింగ్ చదివావు కదా, నువ్వే నచ్చజెప్పు" అని పెద్దలు నాకు అప్పగించారు. సాఫ్ట్‌వేర్ వాడు ప్రింటర్ నుంచి పరలోకం దాకా ఏదైనా బాగుచేస్తాడని మావాళ్ళ నమ్మకం!

సరే, కూర్చుని చదివాను. తెలియనివాళ్ళకోసం క్లుప్తంగా చెప్తాను. జోసెఫ్ స్మిత్ 1805లో అమెరికాలో పుట్టాడు. 1823లో మొరోనై అనే దేవదూత కనపడి కొండలో పాతిపెట్టిన బంగారు రేకుల గురించి చెప్పాడట. 1827లో అవి చేతికొచ్చాయట. వాటిని తర్జుమా చేశానంటూ 1830లో "మోర్మన్ గ్రంథం" అచ్చేయించాడు. రేకులు మాత్రం దేవదూత వెనక్కి తీసుకెళ్ళిపోయాడట.

మన తెలుగువాళ్ళకీ దీనికీ సంబంధం కొత్తదేం కాదు. సమోవాలో ఉండగా ఈ సంఘంలో చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చారు. వాళ్ళ బంధువుల్లో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 1982లో ఆ గ్రంథంలో కొన్ని భాగాలు తెలుగులో వచ్చాయి. మన దేశంలో వాళ్ళ మొదటి "స్టేక్" (మన డయోసిస్ లాంటిదనుకోండి) 2012లో ఏర్పడింది కూడా హైదరాబాదులోనే.

ఇక నా అభ్యంతరాలు మూడు.

ఒకటి. 1828లో తర్జుమా చేసిన మొదటి 116 పేజీలు మార్టిన్ హారిస్ ఇంటికి పట్టుకెళ్ళి పోగొట్టాడు. స్మిత్ వాటిని మళ్ళీ తర్జుమా చెయ్యలేదు. శత్రువులు పాత పేజీల్లో మాటలు మార్చి, రెండూ కలవలేదంటారని కారణం చెప్పాడు. బదులుగా అదే కాలం కథ ఉన్న వేరే రేకుల్ని వాడానన్నాడు. అదే ఇన్‌పుట్, తర్జుమా చేయించేది అదే దేవుడు. అవుట్‌పుట్ మారుతుందన్న భయం దేనికి? చేత్తో రాసిన కాగితం మీద దిద్దితే తెలిసిపోదూ?

రెండు. తర్జుమా చేసిన పద్ధతి. టోపీలో ఒక రాయి వేసి, అందులో మొహం పెట్టి చెప్పేవాడు. అంతకుముందు అలాంటి రాళ్ళతోనే పాతిన నిధులు వెతికేవాడు. ఆ విషయంలోనే 1826లో న్యాయాధికారి ముందు నిలబడ్డాడు. టోపీ, రాయి సంగతి సంఘమే 2013లో ఒప్పుకుంది, 2015లో రాయి ఫొటో కూడా వేసింది.

మూడు. 1835లో కొన్న ఈజిప్టు పత్రాల నుంచి "అబ్రాహాము గ్రంథం" వచ్చిందన్నాడు. వాటి ముక్కలు కొన్ని 1967లో న్యూయార్క్ మ్యూజియం నుంచి బయటికొచ్చాయి. చదివిన పండితులు అవి శవాలతో పెట్టే మామూలు మంత్రపత్రాలన్నారు. ఆ ముక్కల్లోని మాటలు గ్రంథంతో కలవవని సంఘం కూడా 2014లో రాసింది. సోర్సు దొరికిన ఒక్క చోటా టెస్టు ఫెయిల్!

ఇవన్నీ చెప్తే మా తమ్ముడు ఒకటే అడిగాడు. "అన్నయ్యా, మరి మోషే పలకలేవీ? చూపించు."

మంచి ప్రశ్నే. రేకుల్ని చూశామన్న ముగ్గురు సాక్షులూ తర్వాత సంఘానికి దూరమైనా, చూడలేదని మాత్రం అనలేదని కూడా వాడే చెప్పాడు. అదీ నిజమే. పలకలు నా దగ్గర లేవు. అద్భుతాల్ని నేనూ నమ్మకంతోనే ఒప్పుకుంటున్నాను. కానీ తర్జుమా సంగతి వేరు. స్మిత్ పుట్టిన 1805లోనే క్రాన్, డెగ్రాంజ్ అనే ఇద్దరు మిషనరీలు మా పక్కనున్న విశాఖపట్నంలో దిగారు. వాళ్ళు మొదలుపెట్టిన తెలుగు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఇద్దరూ చనిపోయారు. ఆ తర్వాత ఎంతమంది ఎన్నిసార్లు దిద్దారో! గ్రీకు మూలం అందరి ముందూ ఉంది కాబట్టి దిద్దగలిగారు. అన్నమయ్య రాగిరేకులైనా అంతే, అచ్చు పుస్తకం మీద అనుమానమొస్తే రేకుతో సరిచూసుకోవచ్చు. నా విశ్వాసం తప్పని ఎవరైనా వాదించొచ్చు, నా తర్జుమా తప్పైతే పట్టుకోవడానికి దారుంది. వాడికి ఆ దారే లేదు.

వాడు ఒప్పుకోలేదు. ఇప్పుడు అసలు సమస్య మొదలైంది. వచ్చే నెల మా చెల్లి పెళ్ళి. "ఆడికి కార్డు ఇవ్వొద్దు" అని పెద్దల తీర్మానం.

ఇక్కడ మాత్రం నేను వాళ్ళతో లేను. 1844లో కార్తేజ్ జైల్లో ఉన్న స్మిత్‌ని గుంపు వచ్చి కాల్చి చంపింది. ఆ తూటాలు నా మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబివ్వలేదు, ఆయన్ని అమరవీరుణ్ణి మాత్రం చేశాయి. అంత దూరం ఎందుకు? మా ముత్తాత బాప్తిస్మం తీసుకున్నప్పుడు సొంత మనుషులే బావి దగ్గరికి రానివ్వలేదని తాతయ్య చెప్పేవారు. ఆ కథ చెప్పుకుని గర్వపడే ఇంట్లో, ఇంకొకడికి బావి మూసేస్తామా? వాడి గ్రంథం తప్పని పెళ్ళి పందిట్లోనైనా సరే వాదిస్తాను. వాదించాలంటే ముందు వాడు పందిట్లో ఉండాలి కదా.

కార్డు మీద వాడి పేరు నేనే రాశాను. చిన్నాన్న చూశారు, ఏమీ అనలేదు. పోస్టులో వేసేశాను.